పద్దెనిమిది మార్కుల కిడ్నీ

నానబెట్టిన దుప్పటిని ఒక కొస కుళాయికి చుట్టి, రెండో కొస పట్టుకుని నోరులేనమ్మ మెలిపెట్టి పిండుతోంది. సరిగ్గా అప్పుడే లోపల బల్ల దగ్గర కూర్చున్న భర్త, లెక్కల మాస్టారు, ఆవిడ ఎడమ కిడ్నీని ఎర్ర ఇంకుతో ఫెయిల్ చేసేశారు.

పాఠకులారా, ఇంట్లో లెక్కల మాస్టారు ఉండగా కిడ్నీ డాక్టరు దగ్గరికి పరుగెత్తడం శుద్ధ దండగ! ఈ మాట కొందరికి ఘాటుగా తగలొచ్చు. పూర్తిగా చదివాక మీరే ఒప్పుకుంటారు.

నోరులేనమ్మకు కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది. పదిహేనేళ్ల కాపురంలో ఎవరూ వాడక అది తుప్పు పట్టింది. పది మాటలు పడి ఒక్క మాటైనా తిరిగి అనదు కనుక వీధివాళ్లు ఈ పేరు తగిలించారు. బట్టల కొట్టువాళ్ల చొక్కాలకు కాజాలు కుట్టడం ఆవిడ పని. ఆ పని మధ్యలో వంట, వంట మధ్యలో ఉతుకు, ఉతుకు మధ్యలో భర్తగారి పిలుపులు, ఆడపడుచు పురమాయింపులు. రెండేళ్లుగా ఎడమ డొక్కలో నొప్పి. పిడికిలితో అదిమిపట్టి ఇంకో కాజా కుట్టేది. ఆ కిడ్నీ కూడా ఆవిడదే కదా, పెద్దగా అరవలేదు!

జ్వరంతో పడిపోయాక స్కాన్ తీస్తే సంగతి బయటపడింది. కిడ్నీలోంచి మూత్రం కిందికి దిగే చోట దారి ఇరుకై మూసుకుపోయింది. పోయే దారి లేక కిడ్నీ బూరలా ఉబ్బింది. ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో చెప్పే పరీక్ష ఇంకోటి చేశారు. కుడిది ఎనభై రెండు శాతం. ఎడమది పద్దెనిమిది.

ఇరవై రెండేళ్లుగా పేపర్లు దిద్దిన చెయ్యి ఊరుకుంటుందా? ఎనభై రెండు పక్కన టిక్కు పడింది. పద్దెనిమిది చుట్టూ సున్నా పడింది.

"పాస్ మార్కు ముప్పై అయిదు. గ్రేసు కలిపినా గట్టెక్కదు. తీసేయించడమే!" అన్నారు మాస్టారు.

"ఒకటుంటే చాలదేంటి అన్నయ్యా?" అంది కాళ్లు చాపుకుని కూర్చున్న ఆడపడుచు. "మా ఆఫీసు ప్యూనుకి ఒకటే. గుండ్రాయిలా ఉన్నాడు."

ఎంత సులువుగా తేలిపోయిందో చూడండి! వైద్యలోకం ఈ పద్ధతిని అందిపుచ్చుకుంటే దేశాలకు దేశాలే బాగుపడవా? చూపు తగ్గిన కన్ను తీసేస్తే కళ్లజోడుకు ఒక్క అద్దం చాలు. మెట్లెక్కలేని మోకాలికి టీసీ ఇచ్చి పంపేయొచ్చు. మతిమరుపు ఉన్నవాళ్ల తల సంగతి మాత్రం కాస్త జాగ్రత్తగా ఆలోచించాలి. అలాంటివాళ్లలో పెద్ద ఉద్యోగాలవాళ్లు ఎక్కువ!

ఇంత తెలివి ఇంట్లోనే ఉన్నా, లోకం కోసం ఆస్పత్రికి వెళ్లక తప్పలేదు. డాక్టరమ్మ రిపోర్టు విప్పి ఎర్ర సున్నా దగ్గర ఆగింది.

"ఇదెవరు దిద్దారు?"

"నేనేనండి." మాస్టారు చొక్కా సర్దుకున్నారు. "నూటికి పద్దెనిమిది. ఇంకా ఉంచడమెందుకని..."

"నూరు ఒక్కదానికి కాదు మాస్టారూ, రెండిటికీ కలిపి. రెండూ బాగున్న మనిషికి ఒక్కోదానికీ యాభై దరిదాపుల్లో వస్తుంది."

మాస్టారు గోడ మీది ఫ్యాను స్విచ్చులు లెక్కపెట్టసాగారు. అప్పుడు గదిలో ఎవరిదో సన్నటి గొంతు వినిపించింది. ఎవరిదా అని మాస్టారే పక్కకు తిరిగి చూశారు.

"యాభైకి పద్దెనిమిదంటే..." నోరులేనమ్మ వేళ్ల కణుపులు తడుముతోంది, "నూటికి ముప్పై ఆరు."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "మీ లెక్క ప్రకారమే పాసైంది కదండీ మాస్టారూ! ఒక మార్కు ఎక్కువే!"

తర్వాత నవ్వు ఆపి, కుర్చీ ఆవిడ వైపు జరుపుకుంది. "ఇక్కడ పాసూ ఫెయిలూ ఉండవమ్మా. దారి మూసుకుపోయి ఉండగా ఆ కిడ్నీ ఎంత పని చేయగలదో తేల్చలేం. ముందు వీపు పక్కనుంచి సన్నటి గొట్టం వేసి, మూత్రం బయటికి వచ్చేలా చేస్తాం. దానికో సంచి ఉంటుంది. ఆరు వారాలాగి మళ్లీ పరీక్ష. కోలుకుంటే ఆ ఇరుకు చోటు కోసి సరిచేస్తాం. కోలుకోకపోతే అప్పుడు తీసేద్దాం. బాగవుతుందని మాటివ్వలేను. కానీ జాగు చేసేకొద్దీ ఉన్నదీ పోతుంది. పైగా మీ కుడి కిడ్నీలో చిన్న రాయి ఉంది. రేపు అది అడ్డం పడితే ఏ కిడ్నీ ఆదుకుంటుంది? గురువారం గొట్టం వేద్దాం. మీరేమంటారు?"

మీరేమంటారు! ఇన్నాళ్ల జబ్బులో ఈ ప్రశ్న ఆవిణ్ణి ఒకరు అడగడం ఇదే మొదటిసారి. నోరులేనమ్మ నోరు తెరిచింది.

"ఇంట్లో ఆలోచించుకుని చెబుతాం," అన్నారు మాస్టారు.

ఎంత అదృష్టం! ప్రశ్న ఆవిడకి పడితే జవాబు మోసే భారం ఆయన మీదేసుకున్నారు. ఇలాంటి భర్తలు ఎంతమందికి దొరుకుతారు? డాక్టరమ్మకు మాత్రం ఈ సుఖం తెలిసినట్టు లేదు. "సంతకం పెట్టాల్సింది మీరేనమ్మా, గుర్తుంచుకోండి" అని ఆవిడ చేతికే ఫైలు ఇచ్చింది.

ఇంట్లో ఆలోచించడం మొదలైంది. ఇల్లు సరిపోక స్కూలు స్టాఫ్ రూమ్‌లోనూ ఆలోచించారు. మాస్టారు సమస్యను బోర్డు మీద రాసి చేతులెత్తించారు. తీసేయాలని పదకొండు మంది, ఉంచాలని ఇద్దరు. డ్రిల్లు మాస్టారు తటస్థం, కిడ్నీ ఎటువైపు ఉంటుందో తెలిశాక చెబుతానన్నాడట. ఎంత ప్రజాస్వామ్యం! కిడ్నీ ఎవరిదో వాళ్లకు ఓటు లేకపోవడం చిన్న విషయం. చెట్టు కొట్టేముందు చెట్టును అడుగుతామా?

ఆ గురువారం పోయింది. ఆ తర్వాతి గురువారమూ పోయింది. నోరులేనమ్మ కిటికీ పక్కన కాజాలు కుడుతూ లోపల్లోపల ఒక లెక్క వేసుకునేది. ఇవాళ్టికి పద్దెనిమిది పదిహేడయిందా? పదహారా? రాత్రి చలి పుట్టి వణికితే, దుప్పటి బిగించి కప్పుకుని పళ్లు బిగపట్టేది. పక్కవాళ్లకు నిద్ర చెడకూడదు కదా!

మూడో గురువారం పొద్దున అసలు మాట బయటికొచ్చింది.

"స్కూలు సెలవులు పదే రోజులు," అన్నారు మాస్టారు, తెల్లకాగితం మీద స్కేలుతో గీతలు కొడుతూ. "తీసేయిస్తే పది రోజుల్లో లేచి తిరుగుతుంది. ఈ గొట్టమంటే ఆరు వారాలు! సరే, ఒకవేళ గొట్టమే అనుకో. టైంటేబుల్ వేసి చూద్దాం."

"చూడు మరి," అంది ఆడపడుచు.

రోజుకు ఏడు పీరియడ్లు. మొదటిది వంట, రెండోది గిన్నెలు, మూడోది ఇల్లు తుడవడం. ప్రతి గడిలోనూ మాస్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో 'తను', 'తను', 'తను' అని నింపుకుంటూ పోయారు. పేరు గుర్తు రాలేదేమో. గడి చిన్నదైపోయిందేమో.

"నాలుగో పీరియడ్ ఉతుకు పెట్టావేంటి అన్నయ్యా? సంచి తడవదూ?"

"కవరు కట్టుకుంటుందిలే."

"నీళ్ల బిందె ఎత్తితే గొట్టం ఊడొస్తుందేమో!"

"అదీ నిజమే." మాస్టారు పెన్ను చెవి మీద పెట్టుకున్నారు. "నువ్వో బిందె ఎత్తితే?"

"నాకు నడుం నొప్పి కదా!" అంది ఆడపడుచు, నొచ్చుకుని. "అయినా నలుగురొచ్చే ఇంట్లో ఆ సంచి వేలాడేసుకుని తిరిగితే ఏం బాగుంటుంది చెప్పు?"

మాస్టారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. "ఇది కుదిరే పని కాదు. సెలవుల్లో తీసేయించడమే."

నిందించకండి, పాఠకులారా. కిడ్నీ మీద వాళ్లకేం పగ? అది పద్దెనిమిదైనా, ఎనిమిదైనా, రెండు బిందెలెత్తి పది గిన్నెలు తోమితే దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు. ఎనభై రెండు తెచ్చుకున్నా, ఆరు వారాలు మంచం మీదుంటే ఈ ఇంట్లో ఏ కిడ్నీ అయినా ఫెయిలే!

కిటికీ పక్కన నోరులేనమ్మ కాజా చివర ముడివేసి దారం కొరికింది. సూదిని దారపుకండెకు గుచ్చింది. చొక్కా మడిచి పక్కన పెట్టింది. అలమార పైనుంచి ఆస్పత్రి ఫైలు దించి, గుడ్డసంచిలో రెండు జతల బట్టలు కుక్కింది. డొక్క మీద పిడికిలి అదిమిపట్టుకుని ఒక్క క్షణం గుమ్మంలో నిలబడింది. చెప్పులేసుకుని మెట్లు దిగింది.

గేటు చప్పుడైంది.

"అన్నయ్యా," అంది ఆడపడుచు, "తను పాలకి వెళ్తున్నట్టుంది. అర లీటరు చాలని చెప్పు."