పిచ్చుకగా పూర్తి అదనపు బాధ్యతలు

నగరంలోని చివరి పిచ్చుక వెళ్లిపోయిన మరుసటి సోమవారం, మంజూరైన స్థానమేదీ ఖాళీగా ఉండరాదన్న నిబంధనను అనుసరించి, నగరపాలక సంస్థ పావురానికి పిచ్చుకగా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించింది. ఉత్తర్వు చదివి ఆశ్చర్యపోయినవారు లేరు. ఆ నగరంలో కమిషనర్ పదవిని అగ్నిమాపక అధికారి నిర్వహిస్తున్నాడు. ఆరోగ్యాధికారి పనిని వీధిదీపాల ఇంజనీరు చూస్తున్నాడు. గ్రంథాలయాధికారి లేని లోటును నీటి పన్ను గుమాస్తా తీరుస్తున్నాడు. ఇంతమంది మనుషులు ఒకరి కుర్చీలో ఒకరు కూర్చుని ఊరిని నడపగలుగుతున్నప్పుడు, ఒక పక్షి మరొక పక్షి పని చేయలేదనడానికి శాస్త్రీయమైన ఆధారమేదీ కనబడలేదు.

ఉత్తర్వు ముసాయిదా రాసినవాడు పక్షుల విభాగం సూపరింటెండెంటు కళ్లేపల్లి అనంతశయనం. నిజానికి ఆయన ఇంటి పన్ను విభాగంలో సీనియర్ అసిస్టెంటు. సూపరింటెండెంటుగా రావలసిన మనిషి రాకపోవడంతో తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల నెరిసింది. గది తలుపు పక్కన పేరు పలక మీద ఆయన పేరు, దాని కింద హోదా, హోదా పక్కన కుండలీకరణాల్లో ‘ఇన్‌చార్జి’ అన్న మాట. పదవీ విరమణ చేసేలోగా ఆ ఒక్క మాట చెరిగిపోవాలన్నది ఆయనకు మిగిలిన ఏకైక కోరిక. ఈ కోరిక భార్య మాణిక్యాంబకు తెలుసు. “ఇంట్లో మాత్రం మీరు పర్మనెంటే, దిగులు పడకండి,” అని ఆమె అప్పుడప్పుడు ఓదార్చేది.

పిచ్చుకలు ఎందుకు వెళ్లిపోయాయో అనంతశయనానికి తెలియక కాదు. పెంకుటిళ్లు పోయాయి, వాటితో చూరూ పోయింది. గాజు గోడలకు కన్నాలుండవు. ఉన్న వెంటిలేటర్లను ఏసీలు పెట్టించుకున్నవారు మూయించేశారు. బియ్యం శుభ్రమై సంచుల్లో వస్తుండటంతో వాకిట్లో కూర్చుని చేటతో చెరిగేవారు లేరు, రాలే నూకలూ లేవు. అన్నింటికన్నా ముఖ్యం, గింజలతో సరిపెట్టుకునేది పెద్ద పిచ్చుక మాత్రమే. కళ్లు తెరవని పిల్లకు మెత్తని పురుగు కావాలి. వారం వారం పార్కుల్లో మందు కొట్టించే నగరంలో పురుగు దొరకదు. పావురానికి ఈ బాధలేవీ లేవు. ఎత్తయిన మేడల అంచులు దానికి కొండచరియలు. పుణ్యం కోసం కూడళ్లలో జొన్నలు చల్లే జనం దానికి పంటపొలం. తన గొంతుసంచిలో ఊరే పాలతోనే పిల్లలను పెంచుకుంటుంది గనుక పురుగుతో దానికి పని లేదు. ఇదంతా ఆయన ఫైలులో రాసి, చివర ఇలా తేల్చాడు: ‘కారణాలను సరిచేయడం ఇతర శాఖల పరిధిలోనిది. ఖాళీని భర్తీ చేయడం మన పరిధిలోనిది.’

పావురాలు బాధ్యతలు స్వీకరించాయి. అంటే, ఎక్కడ కూర్చున్నవి అక్కడే కూర్చున్నాయి. అభ్యంతరం తెలపలేదు గనుక స్వీకరించినట్టే. మొదట్లో కొన్ని చిక్కులు వచ్చాయి. పిచ్చుకల కోసం వసారాల్లో వరి కంకుల కుచ్చులు వేలాడదీయడం ఆ ప్రాంతపు ఆచారం. పావురం వాటికి వేలాడబోతే కుచ్చు, దాన్ని కట్టిన మేకు, మేకు చుట్టూ ఉన్న సిమెంటు కూడా ఊడివచ్చాయి. కుచ్చులను ఇకపై నేల మీద వేలాడదీయవలసిందిగా సంస్థ ప్రజలను కోరింది. ధ్వని విషయంలో తలెత్తిన సందేహాన్ని న్యాయ సలహాదారు నివృత్తి చేశాడు. పిచ్చుక స్థానంలో ఉన్న పక్షి చేసే శబ్దమేదైనా కిచకిచయే. ఆనాటి నుంచి తెల్లవారుజామున నగరమంతా ‘గుర్రు గుర్రు’మనే కిచకిచలతో మార్మోగింది.

చిక్కుల్లో ఒకటి అనంతశయనం ఇంట్లోనే సంభవించింది. ఆయన సాయంత్రం గడప దాటేసరికి మాణిక్యాంబ చీపురుతో నిలబడి ఉంది.

“మీ పిచ్చుక అద్దం వెనక గూడు కట్టబోయిందండీ. అద్దం పడి పగిలింది.”

“పిచ్చుక అద్దం వెనక గూడు కట్టడం సహజమే కదా.”

“అది పావురం. కట్టుకున్నదాని మాటగా ఒక్కసారి ఒప్పుకోండి.”

“వ్యక్తిగతంగా పావురమే మాణిక్యం. ఉద్యోగరీత్యా పిచ్చుక.”

“ఉద్యోగరీత్యా మీరెవరో కూడా నాకు తెలుసు. ముందు ఆ పెంకులు ఎత్తండి, కాళ్లకు గుచ్చుకుంటాయి.”

ఆ ఏడాది లెక్కల్లో నగరపు పిచ్చుకల సంఖ్య చరిత్రలో ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. ఒకే పక్షిని రెండు పద్దుల కింద చూపరాదు గనుక పావురాల సంఖ్య సున్నా అయింది. సున్నాను ఎవరూ పట్టించుకోలేదు. పెరిగిన అంకెకు జనం చప్పట్లు కొట్టారు. కమిషనర్ బాధ్యతల్లో ఉన్న అగ్నిమాపక అధికారి జోగారావు అనంతశయనాన్ని పిలిపించి కుర్చీ చూపించాడు.

“రాష్ట్ర కమిటీ తనిఖీకి వస్తోంది అనంతశయనంగారూ. పిచ్చుక తిరిగివచ్చిన నగరమని పతకం ఇస్తారట. అది చేతికొచ్చిందంటే మీ కుండలీకరణాలు తీయించేస్తాను.”

“తమరూ ఇన్‌చార్జే కదండీ. తీయించే అధికారం ఉంటుందా?”

“తీసెయ్యడానికి ఇన్‌చార్జి చాలు. పెట్టడానికే పర్మనెంటు మనిషి కావాలి.”

కమిటీకి అధ్యక్షురాలు డాక్టర్ మందా సుగుణ. ఆమె మత్స్యశాఖ నుంచి పక్షులకు అదనపు బాధ్యత మీద వచ్చిన నిపుణురాలు. మేడల అంచుల మీద బారులు తీరిన పిచ్చుకలను చూసి, ఈత బాగుందని మెచ్చుకుంది. కార్యాలయంలో పాఠశాల పిల్లలు పిచ్చుక బొమ్మల టోపీలు పెట్టుకుని స్వాగతం పలికారు. టోపీలు బూడిదరంగువి, మెడ దగ్గర ఆకుపచ్చ మెరుపు అద్దినవి. పతకం ఖాయమైపోయింది, సంతకం కోసం అందరూ అనంతశయనం గదిలోకి వచ్చారు.

సరిగ్గా అప్పుడు పగిలిన వెంటిలేటరులోంచి రెండు పక్షులు లోపలికి వచ్చి, తిరగని ఫ్యాను రెక్క మీద వాలాయి. పిడికిట్లో ఇమిడేంత ఉన్నాయి. ఒకదాని గొంతు కింద నల్లని మచ్చ. అవి నోరు విప్పాయి.

ఆ చప్పుడు చెవిన పడగానే అనంతశయనం అప్రయత్నంగా లేచి నిలబడ్డాడు. ఆయన చిన్నప్పుడు వాళ్లమ్మ బియ్యం చెరుగుతుంటే చేట అంచు మీదికే వచ్చి వాలే పక్షులు ఇవి. ఆయన రాసిన కారణాలన్నింటినీ లెక్కచేయకుండా ఇవి తిరిగివచ్చాయి. సంతోషంతో ఆయన ఫ్యాను కిందికి రెండడుగులు వేశాడు. ఆ మరుక్షణమే లెక్క కూడా తట్టింది. ఇవి పిచ్చుకలైతే బయట ఉన్న లక్షలు పిచ్చుకలు కావు. నగరానికి పతకం ఉండదు. పలక మీది మాట అక్కడే ఉంటుంది.

“అవేమిటండీ?” అంది సుగుణ.

జోగారావు ఆయన వైపు చూశాడు. చూపులో బతిమాలడం ఉంది.

“పిచ్చుకలండీ,” అన్నాడు అనంతశయనం. ఉద్యోగ జీవితంలో తాను నేరుగా నిజం చెప్పిన సందర్భం మరొకటి ఆయనకు గుర్తు రాలేదు.

గదిలో ఎవరూ కంగారుపడలేదు. టోపీ పెట్టుకున్న ఒక పిల్ల మాత్రం చెయ్యెత్తి, “కాదు సార్, పిచ్చుకకు మెడ పచ్చగా ఉంటుంది,” అంది. టీచరు ఆ పిల్ల భుజం తట్టింది.

సుగుణ కళ్లజోడు సవరించుకుంది. “ఆయన మాటను కాదనడం లేదు. పిచ్చుకలే కావచ్చు. అయితే పిచ్చుక స్థానాలన్నీ నిండి ఉన్నాయి. సెలవు పెట్టకుండా వెళ్లి తిరిగివచ్చినవారికి పాత స్థానం కోరే హక్కు ఉండదు. మీ దగ్గర వేరే ఖాళీలున్నాయా?”

జోగారావు ముఖం వికసించింది. “పావురాలు సున్నా ఉన్నాయండీ. మొత్తం ఖాళీయే.”

ఆ రెండు పిచ్చుకలను పావురాలుగా నియమిస్తూ అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. నగరం ఒకే రోజున పిచ్చుకను నిలబెట్టుకుని, అంతరించిన పావురాన్ని తిరిగి తెచ్చుకున్నదని సుగుణ నివేదికలో చేర్చింది. ఒక పతకానికి వచ్చినవారు రెండు ఇచ్చి వెళ్లారు. ఊరేగింపులో బాజాలు మోగాయి, కూడలిలో జొన్నలు వానలా కురిశాయి. అనంతశయనం మెడలో పడిన దండ కళ్లదాకా వచ్చింది. నిజం చెప్పినా నష్టం జరగని నగరంలో పుట్టినందుకు ఆయన ఆ రోజు నిజంగానే గర్వపడ్డాడు.

ఫ్యాను మీద పక్షులు గూడు కట్టాయి, పిల్లలు చేశాయి. తల్లీ తండ్రీ రోజంతా పార్కులకు వెళ్లి ఖాళీ ముక్కులతో తిరిగివచ్చేవి. కొన్నాళ్లపాటు పార్కుల్లో మందు కొట్టడం ఆపవలసిందిగా అనంతశయనం ఉద్యానశాఖను కోరాడు. జవాబు వెంటనే వచ్చింది, మర్యాదగానే ఉంది. సదరు పక్షులు పావురాలనీ, పావురం పిల్లలకు పురుగులు అవసరం లేదన్న సంగతి తమరి ఫైలులోనే ఉన్నదనీ రాశారు. అందులో తప్పు పట్టడానికి ఆయనకు ఒక్క వాక్యమూ దొరకలేదు. వారం తిరగకుండా గూట్లో చప్పుడు ఆగిపోయింది. పెద్ద పక్షులు రెండూ వెంటిలేటరులోంచి వెళ్లిపోయాయి. పావురం స్థానాలు మళ్లీ ఖాళీ అయినట్టు ఆయనే రాశాడు. సాయంత్రంలోగా కాకికి బాధ్యతలు అప్పగించారు.

మరునాడు పెయింటరు వచ్చి పలక మీద కుండలీకరణాలను, వాటి మధ్యనున్న మాటను చెరిపాడు. రంగు ఆరేదాకా అనంతశయనం అక్కడే నిలబడ్డాడు. తర్వాత మిఠాయి పొట్లంతో ఇంటికి వెళ్లాడు.

మాణిక్యాంబ ఒక ముక్క నోట్లో వేసుకుని బాల్కనీలోకి వచ్చింది. ఏసీ డబ్బా మీద బూడిదరంగు పక్షి ఒకటి మెడ తిప్పుతూ కూర్చుని ఉంది. ఆమె దాన్ని కాసేపు పరీక్షగా చూసింది.

“మన పిచ్చుక ఈమధ్య కాస్త ఒళ్లు చేసిందండీ,” అంది.

ఆమె ముఖంలో వేళాకోళం ఏమైనా ఉందేమోనని ఆయన వెతికాడు. లేదు.

“కుదురుకుంది కదా మరి,” అన్నాడు.