నట్టింట్లో గెంతుడు చేప

సముద్రం పోటుకు ఇంట్లోకి నీళ్లొస్తున్నాయని గగ్గోలు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది ముంపు కాదు మహాశయులారా, ప్రమోషన్!

నమ్మరా? అయితే గెంతుడు చేపను చూడండి. సముద్రం వెనక్కి తగ్గగానే బురద మీద రెక్కలతో పాకుతూ, ఉండుండి గెంతే వేలెడంత చేప. చదువుకున్నవాళ్లు మడ్‌స్కిప్పర్ అంటారు. నెత్తి మీద కళ్లు, అలిగినట్టు ఉబ్బిన బుగ్గలు. నీళ్లలోనూ బతుకుతుంది, గట్టు మీదా బతుకుతుంది. ఏనాడైనా అర్జీ పెట్టిందా? ధర్నా చేసిందా? పౌరులంటే అలా ఉండాలి!

మా కాలనీని ఆ స్థాయికి చేర్చిన ఘనత తూము తలుపుది. పోటు నీళ్లు ఎగదన్నకుండా కాలువ మూతి దగ్గర ఒక ఇనుప తలుపు ఉండేది. అది తుప్పు పట్టి ఊడిపోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి మాకు రాని విద్య లేదు. మా ఫ్రిజ్ ఇటుకల మీద నిలబడటం నేర్చుకుంది. పక్కింటి లెక్కల మాస్టారు మంచం మీద మఠం వేసుకుని ట్యూషన్ చెబుతున్నారు. ఆయన భార్య మోకాళ్ల లోతు నీళ్లలో పప్పు తిరగమోత వేయగలదు, ఒక్క ఆవగింజ కూడా జారనివ్వదు!

ఈ ప్రగతి గిట్టనిది మా వదిన ఒక్కతే.

ఆవిడ టైలరు. ముందు గదిలో రెండు కరెంటు కుట్టుమిషన్లుండేవి. ఒకదాని మోటారు పోయిన నెల పోటుకు మునిగి చచ్చింది. రెండోదాని మీద అరవై జతల స్కూలు యూనిఫారాలు కుట్టాలి.

"ఏవయ్యా మరిదీ, నువ్వు పేపర్లో ఏవైనా రాసుకో. ఇది కూడా పోతే నేను చేతులు ముడుచుకుని కూర్చోవడమే," అని, అమావాస్యకు పెద్ద పోటు వచ్చేలోపే తూము తలుపు పెట్టించమని అర్జీ పెట్టేసింది. తొందరెక్కువ మనిషి!

తనిఖీ అధికారి వచ్చాడు. ఎప్పుడు? నీళ్లు వెనక్కి పోయి, నేల ఆరి, ముగ్గురు కస్టమర్లు వచ్చిపోయాక. సముద్రం ఆఫీసు టైమింగ్స్ పాటించకపోతే ఆయనేం చేస్తాడు పాపం! తడి గోనెపట్టా మీద మాత్రం రెండు గెంతుడు చేపలు కూర్చుని ఉన్నాయి.

"ఇవేంటమ్మా?"

"చేపలండీ. పోటు నీళ్లతో వచ్చాయి."

"చేపలెక్కడైనా నడుస్తాయా? నాకే చెవిలో పువ్వులు పెడుతున్నావా?"

అందులో ఒకటి ఆయన బూటు మీంచి గెంతి గోడెక్కబోయింది. ఇంకేం సాక్ష్యం కావాలి? 'నీటి సమస్య లేదు. బల్లుల బెడద కలదు' అని రాసి, ఫైలు పారిశుధ్యం వాళ్లకు పంపించాడు. మా ప్రభుత్వం స్పందించదని ఎవరన్నారండీ?

స్పందించింది! సరిగ్గా అమావాస్య నాడు మధ్యాహ్నం పారిశుధ్యం ఉద్యోగి బల్లుల మందు పొట్లాలతో దిగాడు. గడప పొడుగునా శ్రద్ధగా చల్లాడు. చల్లడం పూర్తయ్యేసరికి పోటు వచ్చింది. మందు తేలిపోయింది. ఆయన ఒక్క అంగలో వదిన కట్టింగ్ టేబులెక్కాడు.

నేనూ వదినా మిషన్‌ను మంచం మీదకు ఎత్తబోయాం. స్టాండు బరువు, నీళ్ల ఉరవడి. మేం దాని కాలొక్కటి లేపేలోపే మోటారు మునిగిపోయింది. వదిన స్టాండు వదల్లేదు, ఏడవనూ లేదు. ఇన్నాళ్లూ నేను రాసిన వేళాకోళానికి నాకు సిగ్గేసింది.

టేబుల్ మీద మనిషి ఫోన్‌లో ఉన్నాడు. "సార్, బల్లులు ఈదుతున్నాయండీ... ఆఁ... అలాగే సార్." ఫోన్ జేబులో పెట్టి మాకు చెప్పాడు: "ఈదితే మా డిపార్ట్‌మెంట్ కాదటమ్మా. చేపల శాఖకు రాసేస్తున్నాను."

ఫారం తీసి తొడ మీద పెట్టుకుని జాగ్రత్తగా రాయడం మొదలుపెట్టాడు. ఎన్ని ఉన్నాయి, ఏ రంగు, ఏ సైజు.

"నాయనా, ఈ ఇంట్లో ఒక మనిషి కూడా ఉందని రాసుకో," అంది వదిన.

ఆయన మంచివాడే. ఫారం రెండువైపులా తిరగేసి చూశాడు.

"దానికి గడి లేదమ్మా," అన్నాడు.