పెద్దావిడ సరే అంది

ఆ ఉదయం నడక నేర్పే అమ్మాయి అనుకున్న పని చిన్నదే. పక్షవాతం నుంచి కోలుకుంటున్న పెద్దావిడ, సాయంత్రం డాక్టరు ఎదుట సాయం లేకుండా కుర్చీలోంచి లేవాలి. లేస్తే చెల్లెలితో ఇంటికి. లేవకపోతే ఇక ఆసుపత్రే ఇల్లు. చెల్లెలు పొద్దున్నే వచ్చి, అక్క కోటు ఒళ్ళో పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది.

"కుర్చీ ఎత్తు పెంచితే తేలిగ్గా లేస్తారు. పెంచనా బామ్మగారూ?" అని తను కొత్తగా వచ్చిన దేశపు భాషలో, వచ్చీరాని మాటలతో అడిగింది అమ్మాయి.

"సరే," అంది పెద్దావిడ.

అమ్మాయి అటు వెళ్ళగానే చేతిపని నేర్పే అబ్బాయి వచ్చాడు. కాళ్ళు నేలకు ఆనడం లేదు, చెయ్యి బల్లకు అందడం లేదు. "తగ్గించనా?" అన్నాడు. "సరే." తగ్గించాడు. తర్వాత మాట నేర్పే అమ్మాయి వచ్చి, మింగడానికి వీలుగా ఉంటుందని వీపు వెనక రెండు దిళ్ళు కుక్కింది. ఈమె అడగనైనా లేదు.

వేర్వేరు చదువుల వాళ్ళు కలిసి పనిచేయడం నేర్చుకోవాలని కళాశాల వాళ్ళు ఈ ముగ్గురినీ సముద్రం దాటించి పంపారు. ముగ్గురూ కలిసేది భోజనాల దగ్గర మాత్రమే.

మధ్యాహ్నం పెద్దావిడ లేవలేకపోయింది. మోకాళ్ళు మొరాయించాయనుకుని నడక అమ్మాయి కసరత్తు రెట్టింపు చేసింది. ఆవిడ డీలాపడితే, చేతిలో పట్టు తగ్గిందని అబ్బాయి ఇంకో కసరత్తు చేర్చి, కుర్చీని పీటంత కిందికి దించాడు. నీరసంగా ఉన్నారని మూడో దిండు వచ్చింది.

డాక్టరు రానే వచ్చాడు. నడక అమ్మాయి కుర్చీని చూసి గబగబా దగ్గరికొచ్చింది.

"ఎవరు దించారిది?" అంది.

"నేనే. ఆవిడ సరే అన్నారు," అన్నాడు అబ్బాయి.

"పెంచుతానంటే నాకూ సరే అన్నారే."

"జబ్బు చేశాక ఆవిడకు మిగిలిన మాట అదొక్కటేగా, ఏమడిగినా అదే అంటారు," అంది మాట అమ్మాయి.

"ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా తల్లీ?" అన్నాడు అబ్బాయి.

"మీరు అడిగితేగా?"

ముగ్గురూ ఒక్కసారే కుర్చీ మీద పడ్డారు. "పెంచనా బామ్మగారూ?"

"వద్దు," అంది పెద్దావిడ.

ముగ్గురూ కుర్చీ మీంచి చేతులు తీసేశారు. ఆవిడ పడిపోయిన చేత్తోనే వెనక దిండు లాగి అబ్బాయి మీదికి తోసింది. పీటంత కుర్చీలోంచి వణుకుతూనే లేచి, కోటు కోసం చెయ్యి చాచింది.

"బాగుంది. ఎవరి పద్ధతి ఇది?" అన్నాడు డాక్టరు.

ముగ్గురూ కలిసికట్టుగా నేల చూపులు చూశారు.

"ఇంటికెళ్దామా అక్కా?" అంది చెల్లెలు, కోటు తొడుగుతూ.

"సరే," అంది పెద్దావిడ.

ఆ రోజు అన్న సరేలన్నిటిలోకీ, ఆవిడ అనాలనుకుని అన్నది అదొక్కటే.