అడ్జస్ట్ అప్పాజీ గారు

"అడ్జస్ట్ అనే ఇంగ్లీషు క్రియకి అర్థం కోసం డిక్షనరీ తిరగెయ్యక్కర్లేదు. మన అప్పాజీని చూస్తే చాలు!" అని మంత్రిగారు రావులపాలెం సభలో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. వేదికమీద కుర్చీ దొరక్క మెట్ల దగ్గర నిలబడ్డ అప్పాజీ గారికి కళ్ళు చెమర్చాయి.

ఆ గౌరవం ఊరికే రాలేదు. పార్టీ పుట్టిననాటి నుంచీ జెండా మోసిన మనిషి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కనుక జడ్పీటీసీ టికెట్టు అడిగారు. మంత్రిగారు దాన్ని బావమరిదికిచ్చి, "ఈసారికి అడ్జస్ట్ అవ్వు" అన్నారు. అయ్యారు. గుడి ట్రస్టు బోర్డు పదవి డ్రైవరుకిచ్చి అదే మాటన్నారు. అప్పుడూ అయ్యారు. పేపర్లో పడ్డ ఫోటోలో మంత్రిగారి భుజం వెనక అప్పాజీ గారి చెవి ఒక్కటే కనిపిస్తుంది. భార్య రత్నమాణిక్యం ఆ చెవికి ఫ్రేము కట్టించింది.

ఈసారి మాత్రం అరటి మార్కెట్ కమిటీ చైర్మన్ పదవి ఖాయమన్నారు. రత్నమాణిక్యం పాలకొల్లు వెళ్ళి పట్టుపంచె కొనుక్కొచ్చి, వీధి వీధంతా చెప్పుకుంది.

తీరా ఆ పదవి, మొన్నటిదాకా మంత్రిగారి దిష్టిబొమ్మలు తగలబెట్టి నిన్న పార్టీలో చేరిన పెద్దమనిషికి దక్కింది.

అప్పాజీ గారి మనసు కలుక్కుమంది. జీవితంలో మొదటిసారి ఎదురుతిరిగారు. "ఈసారి నావల్ల కాదండి. పంచె మడతైనా విప్పలేదండి. మా ఆవిడకి మొహం ఎలా చూపించమంటారండి?"

మంత్రిగారు చలించిపోయారు. "అదేంటయ్యా! నువ్వే అలాగంటే 'అడ్జస్ట్' అన్న మాట ఏమైపోవాలి?" అని అక్కడికక్కడే 'అడ్జస్ట్‌మెంట్ కమిటీ' ఒకటి సృష్టించారు. "నువ్వే చైర్మన్. రేపే ప్రమాణ స్వీకారం."

"కమిటీ పనేంటండి?"

"ముందు చేరవయ్యా. పని తరవాత చూద్దాం."

మర్నాడు రత్నమాణిక్యం పట్టుపంచె కట్టించి, ఇంటి దగ్గరే దండ వేసి, దిష్టి తీసి పంపింది. మార్కెట్ యార్డు వెనక గదిలో ఒకటే బెంచీ ఉంది. దానిమీద అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు. నలుగురివీ కొత్త పట్టుపంచెలే. నలుగురి మెళ్ళోనూ దండలే.

"తమరెవరండి?" అన్నారు అప్పాజీ గారు.

"చైర్మన్నండి" అన్నారు ఈ చివరనున్న వీరాస్వామి గారు. మిగతా ముగ్గురూ తామూ అంతేనన్నట్టు తలలూపారు. "తమరు కూడా అరటి మార్కెట్టే అడిగారాండి?"

"అవునండి."

"అయితే రండి, రండి. కాస్త అడ్జస్ట్ అవుదాం."

నలుగురూ ఎంతో మర్యాదగా జరిగారు. అప్పాజీ గారు పంచె నలగకుండా ఈ చివర కూర్చున్నారు. ఆ చివరనున్న పల్లంరాజు గారు కింద పడ్డారు. దండ సరిచేసుకుని నేలమీదే కూర్చున్నారు.