శ్యాంసుందర్ గుంజుడు జీపు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. దూరం నుంచి చెబితే ఈ ముచ్చటలోని బురద సగం మధ్యలోనే జారిపోతుంది.

మన కరీంనగర్ శ్యాంసుందర్ దుబాయిలో ఎనిమిదేళ్లు ఇసుక తిన్నెల మీద టూరిస్టులను తిప్పిన డ్రైవరు. సెలవు మీద వచ్చి, మళ్లీ పోనన్నాడు. నాలుగు చక్రాలూ గుంజే పాత జీపొకటి కొని, ఆదిలాబాద్ జలపాతాలకు జనాన్ని తీసుకుపోతానన్నాడు. భార్య కోమల ఒక్కటే షరతు పెట్టింది. ఆదివారం తనను జలపాతం చూపించి, పొద్దుగూకే లోపు ఇల్లు చేర్చాలి. లేదంటే సోమవారం మళ్లీ దుబాయి విమానం ఎక్కాలి.

మెకానిక్ వాహెద్ జీపును జానెడు ఎత్తు లేపాడు. ముందువైపు ఇనుపతాడు చుట్టుకునే గుంజుడు మిషను బిగించాడు. టైర్ల దగ్గరే పేచీ వచ్చింది. నల్లరేగడికి లోతు పళ్లున్న సన్న టైర్లు మేలని అతనన్నాడు. దుబాయిలోలాగా వెడల్పు టైర్లే కావాలని శ్యాంసుందర్ పట్టుబట్టాడు.

"అన్నా, గది ఇసుక, గిది రేగడి. జర ఆలోచించు," అన్నాడు వాహెద్.

"ఎనిమిదేండ్లు నడిపిన. నాకే చెప్తున్నవా?"

ఆదివారం పొద్దున్నే బయలుదేరారు. ఆదిలాబాద్ వైపు మంచి తారురోడ్డు ఉండగా శ్యాంసుందర్ పత్తిచేన్ల బాట పట్టాడు. రోడ్డు మీద పోతే నాలుగు చక్రాల బలం ఎట్లా తెలుస్తుందని అతని వాదన. బాట నడుమ బురద చూసి, ఎడారిలో చేసినట్టే టైర్లలో సగం గాలి తీసి, జీపును పక్క చేనులోంచి తిప్పాడు. రేగడి చక్రాలను గారెల పిండిలా పట్టుకుంది. నాలుగూ తిరిగాయి, నాలుగూ సమానంగా దిగబడ్డాయి. జీపు కడుపు నేలకానింది.

"ఇంకేమన్న బలం మిగిలిందా?" అంది కోమల.

"గుంజుడు మిషనున్నది. ఫికర్ చెయ్యకు."

ఎదురుగా యూరియా బస్తాల ఎడ్లబండి నిలిచి ఉంది. ఎడ్లను విప్పేసి రాయమల్లు అనే ముసలి రైతు గొడుగు కింద కూర్చున్నాడు. అంత బరువుబండి కదలదు కాబట్టి, దానికి తాడు కడితే తన జీపే బయటికొస్తుందని శ్యాంసుందర్ అనుకున్నాడు. ఆ బండీ పొద్దున్నుంచి దిగబడే ఉంది. తనను గుంజడానికే సర్కారు జీపు వచ్చిందని రాయమల్లు అనుకుని, కొక్కెం తనే బిగించాడు. స్విచ్చు నొక్కగానే మిషను మూలిగింది. జీపు అంగుళం కదలలేదు. బండి మాత్రం బురదలోంచి లేచి మెల్లగా వచ్చి జీపు ముందు నిలబడింది.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా," అని రాయమల్లు, బండ్లను గుంజే జీపు వచ్చిందని ఊళ్లోకి ఫోను కొట్టాడు.

ఆ ఊరికి అదొక్కటే బాట, వచ్చిన ప్రతి బండీ అక్కడే దిగబడేది. ఈసారి జీపే కదలాలని శ్యాంసుందర్ దిగబడ్డ ట్రాలీ ఆటోకు తాడు కట్టాడు. ఆటో వచ్చింది. పంతం పట్టి ఇంకా బరువైన టెంటు సామాన్ల వ్యానుకు కట్టాడు. వ్యానూ వచ్చింది. కోమల చీర చెంగు దోపి, బండ్లను వరసలో నిలబెట్టసాగింది. ఊరివాళ్లు చాయ తెచ్చారు.

పొద్దుగూకింది. శ్యాంసుందర్ జీపు మెట్టు మీద కూలబడ్డాడు.

"ఓడిపోయిన. రేపు పోత."

కోమల అప్పటికే దుబాయి పంపే ఏజెంటుకు ఫోను చేసి, మా ఆయన రాడని చెప్పేసింది. ఎందుకని శ్యాంసుందర్ అడిగాడు.

"దుబాయిల నువ్వు కదిల్తెనే నలుగురి పని అయితది. ఈడ ఇరుక్కున్నా అయితున్నది."

మూడోనాడు జీపును బయటికి తీయడానికి వాహెద్ వస్తే, వానలు తగ్గేదాకా అక్కడే ఉంచమని ఊరంతా అడ్డం తిరిగింది.

ఇది గుర్తుపెట్టుకుని మీవాళ్లకూ చెప్పండి. కాకపోతే, జీపు కదిలిందని మాత్రం కలపకండి.