ఎర్రర్ రాయాలంటే ఓటీపీ కావాలి

ఏ దేశమూ సాధించలేని ఘనతను పల్నాడులోని ఒక హైస్కూలు బాలికల సాఫ్ట్‌బాల్ జట్టు సాధించింది. రెండు సీజన్లలో ఆ జట్టు ఫీల్డర్లు ఒక్క తప్పు కూడా చేయలేదు. (బంతులు మాత్రం చాలానే కింద పడ్డాయి. ఆ రెండింటికీ సంబంధం లేదని అధికారులు స్పష్టం చేశారు.)

ఈ ఘనత వల్ల నష్టపోయింది ఒకే ఒక్క మనిషి, ఆ జట్టులో బంతి విసిరే పిచర్ పింకీ. తొమ్మిదో తరగతి. తల్లి ఆరోగ్యమ్మ మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరే కూలి. కారంపూడికి బస్సులో అరగంట దూరంలో ఉన్న ఆ ఊళ్ళో, పత్తి గోడౌను గోడ మీద సుద్దముక్కతో చదరం గీసుకుని, పింకీ పొద్దున్నే దానికేసి బంతి విసిరేది. చేయి గిర్రున తిప్పి కిందనుంచి వదిలితే బంతి చదరం మధ్యలో తగిలి తిన్నగా కాళ్ళ దగ్గరికే వచ్చేది. గోడ ఒక్క బంతినీ జారవిడవలేదు. (గోడను జట్టులోకి తీసుకోవడం కుదరలేదు. దానికి ఆధార్ లేదు.)

పింకీకి కావలసింది స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. జిల్లా జట్టుకు ఎంపికైతే సీటు వస్తుంది, దాంతోపాటు చదువు, మూడు పూటలా తిండి, చదునైన గ్రౌండు. రాకపోతే పదో తరగతి అయ్యాక తల్లి పక్కనే కల్లంలో కూర్చోవాలి. ఆ పిల్ల బతుకులో ఇంత గట్టిగా ఇంకేదీ కోరుకోలేదు.

ఎంపిక చేసేది జిల్లా బాలికల సాఫ్ట్‌బాల్ గణాంకాల ఉపసంఘం. ఉపసంఘం మనుషులను చూడదు, మ్యాచ్‌ల స్కోరు ఎక్కించే యాప్‌లో అంకెలనే చూస్తుంది. (మనుషులను చూస్తే పక్షపాతం వస్తుందట.) పిచర్‌కు ఉండేది ఒకటే అంకె, ఆటకు సగటున ఎన్ని పరుగులు ఇచ్చిందనేది. అయితే ఫీల్డరు తేలిగ్గా పట్టాల్సిన బంతిని వదిలేస్తే స్కోరరు దాన్ని ఎర్రర్‌గా రాయాలి, అప్పుడు ఆ పరుగులు పిచర్ లెక్కలోకి రావు. నిబంధన చక్కగానే ఉంది. నిబంధనలన్నీ చక్కగానే ఉంటాయి.

ఊళ్ళో వర్గాలు రెండు. ఒకదానికి వీరయ్య పెద్ద, రెండోదానికి మాజీ సర్పంచ్ సరస్వతమ్మ. ఆ మధ్య ఖోఖో పోటీలో ఒక పిల్ల పేరు పక్కన ఫౌల్ అని రాసినందుకు రెండు వర్గాలూ పంచాయతీ ఆఫీసు ముందు పొద్దుగూకేదాకా కూర్చున్నాయి. చివరికి ఆ కాగితాన్ని చించేసి శాంతి నెలకొల్పారు. అందుకని సాఫ్ట్‌బాల్ జట్టును ముందుజాగ్రత్తగా పంచుకున్నారు, నాలుగు స్థానాలు వీరికి, నాలుగు వారికి. బ్యాటరు వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌కు హెల్మెట్టు, ఛాతీ మీద కవచం ఉంటాయి, ఫోటోలో హుందాగా కనిపిస్తుంది కనుక ఆ పదవి వీరయ్య మనవరాలు భార్గవికి దక్కింది. బంతులు ఎక్కువగా వచ్చేది బ్యాటరు మొదట పరుగెత్తి చేరే ఫస్ట్ బేస్‌కు కనుక, ప్రాధాన్యం దృష్ట్యా అది సరస్వతమ్మ మనవరాలు సుకన్యకు ఇచ్చారు. ఇక పిచర్ మిగిలింది. ఎండలో నడిమధ్యన నిలబడి ప్రతి బంతీ విసరాలి. ఏ వర్గమూ అడగకపోవడంతో పింకీకి ఇచ్చారు.

స్కోరు రాసేది పీఈటీ సుధీర్ బాబు. మొదటి మ్యాచ్‌లోనే సుకన్య ఒళ్ళో పడాల్సిన బంతిని వదిలేసింది. ఆయన నిజాయితీగానే ఎర్రర్ బటన్ నొక్కాడు. బాలల గౌరవాన్ని కాపాడే నిమిత్తం, ఆ బటన్ నొక్కితే పిల్ల సంరక్షకుల ఫోనుకు ఓటీపీ వెళుతుంది. వాళ్ళు చెబితేనే ఎర్రర్ నమోదవుతుంది. (పిచర్ లెక్కలో పరుగు వేయడానికి ఓటీపీ అక్కర్లేదు.)

"సరస్వతమ్మ గారూ, మీ ఫోనుకో నంబరొచ్చుంటది. చెప్తారా అమ్మా?"

"ఏం నంబరయ్యా?"

"సుకన్య బంతి వదిలేసిందమ్మా. ఎర్రర్ రాయాలి."

"ఓటీపీ ఎవురికీ చెప్పొద్దని బ్యాంకోళ్ళు రోజూ మెసేజీలు పెడతంటే, మాస్టరువయ్యుండి నువ్వే అడుగుతావేందయ్యా?"

సుధీర్ బాబు ఫోన్ పెట్టేశాడు. తర్వాత భార్గవి వదిలిన బంతికి వీరయ్యకు ఫోన్ చేస్తే ఆయన చాలా ఉదారంగా మాట్లాడాడు. "ముందు ఆ పక్కోళ్ళ పిల్లకు రాయవయ్యా. తర్వాత మా పిల్ల సంగతి నిమ్మళంగా చూద్దాం." ఆనాటినుంచి ఎవరు ఏ బంతి వదిలినా అది బ్యాటరు గొప్పగా కొట్టిన బంతిగానే నమోదైంది. ఫీల్డర్లకు యాప్‌లో అయిదు నక్షత్రాలు వచ్చాయి. పింకీ అంకె ఎర్రరంగులోకి మారింది.

పింకీ తెలివైన పిల్ల. అసలు బ్యాటుకు బంతి తగలకుండా చేస్తే ఎవరూ పట్టాల్సిన పని ఉండదు కదా అనుకుంది. గోడ దగ్గర ఇంకా పెందలాడే వెళ్ళి, ఇంకా వేగంగా విసరడం నేర్చింది. బ్యాటర్లు గాలిని కొట్టసాగారు. మూడుసార్లు బ్యాటు తప్పితే ఔటే. కానీ ఆ మూడోసారి క్యాచర్ బంతిని పట్టకపోతే బ్యాటరు బేస్‌కు పరుగెత్తవచ్చని ఆటలో ఒక నియమం ఉంది. హెల్మెట్టు తగిలించుకున్నాక భార్గవికి బంతి అంతగా కనపడేది కాదు. క్యాచర్ తప్పని రాయాలన్నా ఓటీపీ కావాలి కనుక, అలా జారిపోయిన బంతులన్నీ వైల్డ్ పిచ్‌లుగా, అంటే పిచర్ అడ్డదిడ్డంగా విసిరినవిగా నమోదయ్యాయి. అదీ పిచర్ తప్పే.

"ఇదేం లెక్కమ్మా?" అని పింకీ ఆ సాయంత్రం ఇంట్లో ఏడ్చింది.

"ఏమే, కల్లంలో తాలు ఎక్కువొస్తే వాననీ అనరు, చేనునీ అనరు. ఏరేవాళ్ళనే గదంటే అనేది?" అంది ఆరోగ్యమ్మ. కూతురికి ఓదార్పుగానే చెప్పింది.

ఎంపిక పోటీలు నరసరావుపేటలో జరిగాయి. సరిగ్గా ఆ వారమే యాప్ కొత్తగా మారింది. ఒక్క ఎర్రర్ కూడా లేని స్కోరు షీటు అనుమానాస్పదమని, దాన్ని లాక్ చేయబోనని మొరాయించింది. షీటు అయిదింటిలోగా లాక్ కాకపోతే జట్టు మొత్తం రద్దవుతుందని ఉపసంఘం పరిశీలకుడు శౌరి మైకులో ప్రకటించాడు. షామియానాలో వీరయ్య, సరస్వతమ్మ ఇద్దరి ఫోన్లూ ఒకేసారి స్విచ్ఆఫ్ అయ్యాయి. ఊరి చరిత్రలో రెండు వర్గాలూ కలిసి చేసిన మొదటి పని అదే.

అంతకుముందే, బ్యాటుకు తగిలి తనవైపే వచ్చిన బంతిని పింకీ వంగి అందుకుని ఫస్ట్ బేస్‌కు విసిరింది. సుకన్య గ్లవ్‌లో పడి, అందులోంచి నేల మీద పడింది. సుధీర్ బాబు వచ్చి పింకీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా పింకీ, ఒక్క ఎర్రరన్నా పెట్టకపోతే టీమంతా క్యాన్సిలంట. నువ్వు కూడా. ఇందాక ఫస్ట్ బేస్‌కేసిన బంతి నీ తప్పని రాయనీ."

"నేను సరిగ్గానే ఏశా గదా సార్. దాని గ్లవ్‌లోనే పడింది."

"పడిందమ్మా. నేనూ చూశా." ఆయన తల ఎత్తలేదు. "మీ అమ్మ ఫోను ఏది?"

ఆ రోజు కూలి మానుకుని వచ్చిన ఆరోగ్యమ్మ కొంగు ముడిలో ఫోను గుయ్యిమంది. చదువు రాని ఆమె దాన్ని కూతురి చేతికిచ్చింది. "ఏందో వచ్చింది, చూడవే." పింకీ చూసింది. అంకెలన్నీ ఒక్కొక్కటిగా, తప్పు పోకుండా చదివింది. ఓటీపీ చెప్పిన ఏకైక కుటుంబంగా యాప్ వారిని అభినందించింది.

ఫలితాలు వచ్చాయి. ఎనిమిదిమంది ఫీల్డర్లూ జిల్లా జట్టుకు ఎంపికయ్యారు. ఉత్తమ ఫీల్డింగ్ షీల్డు కూడా వారిదే. జట్టులో ఏకైక తప్పు చేసినందుకూ, పరుగులు విపరీతంగా ఇచ్చినందుకూ పింకీ పేరు లేదు. పిచర్‌గా వినుకొండ వైపునుంచి ఆసియా అనే అమ్మాయిని తెచ్చారు. ఆమె అంకె ముచ్చటగా ఉంది. (ఆమె వెనక ఇన్నాళ్ళూ ఆడింది కూలివాళ్ళ పిల్లలు. వాళ్ళు బంతులు పట్టేవాళ్ళు.) క్యాంపులో ఆసియా వెనక అయిదు నక్షత్రాల ఫీల్డర్లు నిలబడ్డారు. రెండో రోజుకే ఆమె అంకె కూడా ఎర్రబడింది. ఉపసంఘం అత్యవసరంగా సమావేశమై, పిచర్ నిలబడే చోటి మట్టిని పరీక్షకు పంపింది.

ఈలోగా బ్యాటింగ్ ప్రాక్టీసుకు గట్టిగా బంతి విసిరేవాళ్ళు కావలసి వచ్చారు. సుధీర్ బాబు పింకీకి ఫోన్ చేశాడు.

"ఊరికే విసరడమేనమ్మా. సీటూ గీటూ ఏం రాదు. బస్సు చార్జీ ఇస్తారు."

"నా ఎనక ఎవురన్నా ఉంటారా సార్?"

"ఎవరూ ఉండరు. బ్యాటరు ఎనక కూడా గోడే."

"అయితే వస్తా సార్."

ఆ క్యాంపు మొత్తంలో పింకీ బంతి ఒక్కరి బ్యాటుకూ తగల్లేదు. అది రాసుకోవడానికి యాప్‌లో గడి లేదు.