లోవరాజు టోపీ బిళ్ళ

పాత ఫోటోలో అటెన్షన్‌లో నిలబడిపోయిన సైనికుడు కూర్చోవాలంటే ముందు అతనిది ఏ రెజిమెంటో తేలాలి, తేలాక ఆ రెజిమెంటు అధికారి వచ్చి ఫోటోకి ఎదురుగా నిలబడి ఆజ్ఞ ఇవ్వాలి. ఇది అందరికీ తెలిసిన నిబంధనే. జిల్లా చిహ్నాల గుర్తింపు కార్యాలయంలో ప్రతి మంగళవారం ఈ పని జరుగుతుంది. జనం ఫోటోలు చంకన పెట్టుకుని వచ్చి టోకెన్లు తీసుకుంటారు. ఫోటోల్లోని వాళ్ళు కాళ్ళు పీకుతున్నాయని గొణుగుతూ ఉంటారు.

చోడిశెట్టి నూకరత్నం అక్కడికి రావడం అది పదకొండోసారి. ఆవిడకి ఎనభై రెండేళ్ళు, చేతిలోని ఫోటోలో ఉన్న వాళ్ళ నాన్న లోవరాజుకి ఇరవై రెండు. ఆవిడ పుట్టకముందే యుద్ధానికి వెళ్ళి బర్మాలో పోయాడు. ఫోటోలో మాత్రం బయల్దేరే ముందు రోజు ఎలా నిలబడ్డాడో అలాగే ఉన్నాడు. ఈ మధ్య ఆయన మోకాళ్ళు వణుకుతున్నాయి. తను పోయేలోగా ఆయన్ని ఒక్కసారి కూర్చోబెట్టాలి, అదే ఆవిడ కోరిక.

"మాది వంతెనలు కట్టే దళమండి, మూడో కంపెనీ," అన్నాడు లోవరాజు ఫోటోలోంచి, పదకొండోసారి.

"మీరు చెప్పకూడదండీ. సొంత విషయంలో సొంత సాక్ష్యం చెల్లదు. టోపీ మీది బిళ్ళ చెప్పాలి," అన్నాడు గుర్తింపు అధికారి విస్సా ఫణిభూషణం, ఎప్పటిలాగే మర్యాదగా.

బిళ్ళ చెప్పకపోవడానికి కారణం బొట్టు. పోయినవాళ్ళ ఫోటోకి నుదుట బొట్టు పెట్టాలి. లోవరాజు నుదురు టోపీ కింద ఉంది కాబట్టి ఆయన భార్య టోపీ మీదే, సరిగ్గా బిళ్ళ ఉన్నచోట గంధం అద్ది కుంకం పెట్టింది. ఏటా తద్దినానికి ఆవిడా, ఆవిడ తర్వాత కూతురూ పాతది తుడవకుండా దానిమీదే కొత్తది పెడుతూ వచ్చారు. తుడిస్తే బొట్టు చెరిపినట్టవుతుందని భయం. ఇప్పుడది అద్దం మీద రేగిపండంత లేచి ఉంది. ఈ జిల్లాలో ఇలాంటి బొట్ల కేసులు నాలుగు వందల పన్నెండు, వాటికి విడిగా ఒక బీరువా కూడా ఉంది.

ఆ మంగళవారం పై ఆఫీసు నుంచి అనుమతి వచ్చింది. బొట్టు తీయవచ్చు. రక్తసంబంధీకులే తీయాలి, ఇద్దరు గుమాస్తాలు చూస్తుండాలి.

ఇక చూడాలి సందడి! క్యూ వదిలేసి జనమంతా బల్ల చుట్టూ మూగారు. ఫోటోల్లోని వాళ్ళకీ కనబడాలని వాటిని తలల పైకి ఎత్తి పట్టుకున్నారు. నూకరత్నం కొబ్బరినూనెలో గుడ్డ ముంచింది.

"నాన్నా, కదలకేం."

"కదల్డం నా సేతుల్లో ఉందేటే అమ్మాయ్!"

కుంకం పొర ఊడింది, గంధం పొర ఊడింది, మళ్ళీ కుంకం. కాసేపటికి ఇత్తడి తళుక్కుమంది. ఫణిభూషణం భూతద్దంతో కుర్చీ ఎక్కేశాడు.

"వచ్చేసింది! రెండు బాకాలు అడ్డంగా ఉన్నాయి! కింద అక్షరాలు! విజయదుర్గా బ్యాండు మేళం, సామర్లకోట!"

హాలంతా చప్పట్లు. ఫణిభూషణం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పేరు పట్టికలో లేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక కొత్త రెజిమెంటుని కనిపెట్టడం ఆయనకి ఇదే మొదలు.

"అది నాది కాదండి," అన్నాడు లోవరాజు. "పటాలం బట్టలు క్యాంపులో ఇత్తావన్నారు. ఈలోగా మాయమ్మ ఫోటో కావాలంది. స్టూడియో ఆయన పెళ్ళి బ్యాండోళ్ళ కోటూ టోపీ తెచ్చి తొడిగాడండి."

"కోటు ఎవరిదైతేనేం, బిళ్ళ మీ తల మీదే ఉంది," అన్నాడు ఫణిభూషణం. ఆ మేళం ఇంకా బతికే ఉందని కనుక్కుని ఫోను చేయించాడు. గంటలో దాని ప్రస్తుత యజమాని మీరావలి ఆటోలో దిగాడు. పెళ్ళి ఊరేగింపు మధ్యలోంచి వచ్చాడేమో, ఎర్ర కోటు మీద ఇంకా అక్షింతలున్నాయి.

నూకరత్నం సంతకం పెట్టాల్సిన కాగితాలు రెండు. ఒకటి, లోవరాజు బ్యాండు మేళం మనిషి. రెండు, అందువల్ల ఆయన యుద్ధానికి వెళ్ళలేదు, ఊళ్ళో అమరుల స్తూపం మీద ఆయన పేరు తొలగించాలి.

"మరి బర్మా ఎల్లి సచ్చిపోయిందెవరు బాబూ?"

"అది వేరే ఫైలు, మామ్మగారూ. అది కావాలంటే ఆయన్ని నిలబడే ఉండమనండి."

ఆవిడ నాన్న మోకాళ్ళ వైపు చూసింది.

"ఎవరో ఒకరు ఎల్లుంటార్లే అమ్మాయ్," అన్నాడు లోవరాజు. "నేనింకా ఎల్లలేదు కదా. ఎట్టెయ్ సంతకం."

పెట్టేసింది. మీరావలి గొంతు సవరించుకుని, పాట మధ్యలో మేళాన్ని ఆపే గొంతుతో ఆజ్ఞ ఇచ్చాడు. లోవరాజు కూలబడ్డాడు. ఫోటోలో కుర్చీ లేదు కనక నేల మీదే కాళ్ళు చాపుకుని, పాదాలు నొక్కుకుంటూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. నూకరత్నం ఏడ్చింది, నవ్వింది, పక్కనున్న వాళ్ళందరికీ చూపించింది.

"మీరావలిగారూ, ఒక్క నిమిషం ఉండండి," అన్నాడు వెనక నిలబడ్డాయన, తన ఫోటో ముందుకు తోస్తూ. "మా తాతదీ అదే స్టూడియో, అదే కోటండి." ఆ వెనకాయనా అదే అన్నాడు. బీరువా తెరిచారు. సాయంత్రం అయిదింటికల్లా ఆ జిల్లా నుంచి యుద్ధానికి ఎవరూ వెళ్ళలేదని తేలింది. ఫోటోల్లో అందరూ హాయిగా కూర్చున్నారు.

నూకరత్నం బస్సు దిగేసరికి స్తూపం దగ్గర ఉలి చప్పుడు వినబడుతోంది. మంజూరైన మంచినీళ్ళ బోరు మూడేళ్ళుగా రాని ఊరికి ఉత్తర్వు మాత్రం బస్సుకంటే ముందే వచ్చింది. మేస్త్రీ అప్పటికే ఇంటిపేరు చెక్కి తీసేసి, లోవరాజులో మొదటి అక్షరం మీద ఉలి పెట్టాడు.

ఆవిడ ఫోటోని పైటచెంగుతో కప్పి దగ్గరికి వెళ్ళింది.

"కాత్త మెల్లిగా కొట్టు బాబూ," అంది. "మా నాన్న ఇప్పుడే పడుకున్నాడు."